పరదేశంలో జబ్బుపడ్డ మనిషి

జబ్బుపడ్డ మనిషికి వైద్యం చెయ్యాలా అని ఎవరినడిగినా చెయ్యాలనే అంటారు. చెయ్యనక్కర్లేదని బాహాటంగా అనగల మొనగాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. కాని ఆ మనిషి పరాయి దేశస్థుడు, వుద్యోగానికి గాక విహారానికి వచ్చినవాడు, ఆ దేశపు ఖజానాకు ఏనాడూ పన్ను కట్టనివాడు ఐతే? అప్పుడు జవాబులు చీలిపోతాయి. మామూలుగా ఒక మాట మీద వుండే అభ్యుదయవాదులు కూడా చీలిపోతారు. ఆ చీలిక ఎక్కడ వస్తున్నదో, ఎందుకు వస్తున్నదో తరచి చూడటమే ఈ వ్యాసం వుద్దేశం.

ముందు ఒక సంగతి చెబుతాను. మా మిత్రుడొకాయన, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాడు, లండన్‌లో వున్న కూతురి దగ్గర రెండు నెలలు గడిపి, దేశం చూసి వద్దామని భార్యతో సహా వెళ్ళాడు. మూడోవారంలో ఒక రాత్రి ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. పక్కగదిలో కూతురూ అల్లుడూ వున్నారు. ఆయన వాళ్ళను లేపలేదు. పక్కనే పడుకున్న భార్యనూ లేపలేదు. తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూచున్నాడు. కారణం ఏమిటంటే, బయలుదేరేముందు కొన్న ఇన్సూరెన్సు కాగితంలో, ముందునుంచీ వున్న జబ్బులకు ఇది వర్తించదన్న వాక్యం ఒకటి వున్నది. ఆయనకు పదేళ్ళుగా బి.పి. వున్నది. పొద్దున్నే కూతురు చూసి ఆసుపత్రికి తీసుకుపోయింది. వైద్యం బాగానే జరిగింది. అత్యవసర విభాగంలో ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. వార్డులో చేర్చిన మర్నాడు మాత్రం ఒక వుద్యోగి మంచం దగ్గరికి వచ్చి, మర్యాదగానే, పాస్‌పోర్టు అడిగాడు. తరవాత బిల్లు వచ్చింది. దాన్ని కూతురు వాయిదాల మీద కడుతున్నది.

ఈ సంగతి మా చర్చావేదికలో ఆయనే చెప్పాడు. విన్న విద్యార్థి ఒకడు లేచి, "మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మీరు విహారానికి పోయి జబ్బుపడితే, అక్కడి బస్సు డ్రైవరు తన పన్నుల్లోంచి మీకెందుకు వైద్యం చేయించాలి?" అన్నాడు. కొందరు నవ్వారు. మిత్రుడు నవ్వలేదు. "న్యాయమైన ప్రశ్నే నాయనా. ఆ రాత్రంతా నన్ను నేను అడుక్కున్నదీ అదే," అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. అందుకే దాన్ని నవ్వి వదిలెయ్యటానికి వీల్లేదు.

ముందుగా "విహారం" అన్న మాట. ఆ మాట వినగానే మనలో కొందరికి ధనికుడి విలాసం కళ్ళకు కడుతుంది. కాని జీతంతో కూడిన సెలవు ధనికులు కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో 1936లో కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించి సమ్మె చేసిన తరవాతనే రెండు వారాల సెలవు చట్టమయింది. బ్రిటన్‌లో అటువంటి చట్టం 1938లో వచ్చింది. పనిచేసేవాడికి లోకం చూసే హక్కు వున్నదని శ్రామికవర్గం పోరాడి ఒప్పించింది. మన దేశంలో ఆ సెలవు అందని కోట్లమంది వున్నారు, నిజమే. ఐతే, అందనివాళ్ళకు అందేట్టు చెయ్యటం మన పని గాని, అందినవాణ్ణి దోషిగా నిలబెట్టటం కాదు. పైగా ప్రయాణం వుద్దేశం ఏమిటో విచారించుకుని గుండెపోటు రాదు.

వైద్యాన్ని గురించి లోకంలో మూడు దృక్పథాలు చలామణిలో వున్నాయి. మొదటిది, వైద్యం ఒక సరుకు అనేది. డబ్బుంటే కొనుక్కుంటావు, లేకుంటే లేదు. కాని సరుకు కొనేవాడు బేరమాడగలడు, ఇంకో దుకాణానికి పోగలడు, అసలు కొనకుండా వుండగలడు. పరదేశంలో అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినవాడు ఈ మూడింటిలో ఏదీ చెయ్యలేడు. బేరం లేనిచోట బజారు న్యాయం చెప్పటం మోసం. అమెరికాలో 1986లో ఒక చట్టం చేశారు. మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు, తమ అత్యవసర విభాగానికి వచ్చినవాణ్ణి డబ్బు లేదని తిప్పి పంపకూడదు. పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలి. మంచి చట్టమే. కాని బిల్లు వెయ్యకూడదని అందులో లేదు. పిల్లల్ని చూడటానికి అక్కడికి వెళ్ళే మన తల్లిదండ్రులు చాలామంది దగ్గుకూ జ్వరానికీ ఇక్కణ్ణుంచే మాత్రలు కట్టుకుపోవటంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇన్సూరెన్సు ఈ దృక్పథానికే మారువేషం. పైకి అది సమష్టిజీవనంలాగే కనిపిస్తుంది. అందరూ తలా కాస్త వేస్తారు, ఆపద వచ్చినవాడు తీసుకుంటాడు. కాని లాభం కోసం నడిచే ఇన్సూరెన్సు ముందుగా చేసే పని, ఎవరికి ఆపద వచ్చేట్టున్నదో వాణ్ణి బయటికి నెట్టటం, లేదా వాడి దగ్గర ఎక్కువ గుంజటం. ముసలివాళ్ళకు ప్రీమియం ఎక్కువ, పాతరోగులకు మినహాయింపు. ఎండాకాలంలో గొడుగు అద్దెకిచ్చి, వాన పడగానే వెనక్కి లాక్కోవటం వంటిది ఇది.

రెండో దృక్పథం దానం. ఇది మనకు బాగా అలవాటైనది. రుద్రమదేవి కాలంలో, 1261లో వేసిన మల్కాపురం శాసనం ఆరోగ్యశాలనూ ప్రసూతిశాలనూ పేర్కొంటున్నది. గర్వించదగిందే. ఐతే అవి నడిచింది గ్రామాలమీద వచ్చిన ఆదాయంతో. అంటే చెమటోడ్చింది రైతులు, పుణ్యం దక్కింది దాతలకు. దానంలో వున్న లోపం అది. ఇచ్చేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే వుంటుంది. పుచ్చుకునేవాడు కృతజ్ఞుడై వుండాలి గాని అడగటానికి వీల్లేదు. ఇష్టమైతే ఇస్తారు, కష్టమైతే మానేస్తారు.

మూడోది, వేసినవాడే తీసుకోవాలి అనేది. మా విద్యార్థి ప్రశ్న ఇందులోంచి వచ్చింది. ఇది శ్రామికుడి పక్షాన మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది కనుక మనను తేలిగ్గా బుట్టలో వేసుకుంటుంది. కాని ఈ సూత్రాన్ని ఒక్క అడుగు ముందుకు నడిపించి చూడండి. నిన్న పుట్టిన పసిబిడ్డ ఏమి వేశాడు? పుట్టుకతో అవిటివాడు ఏమి వెయ్యగలడు? వేసినవాడికే వైద్యం అన్న నియమాన్ని దేశం లోపల కూడా ఏ సభ్యసమాజమూ పాటించటం లేదు. 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్స్ ఈ విషయం స్పష్టం చేశాడు. శ్రమఫలాన్ని వ్యక్తులకు పంచేముందే, బడులూ ఆరోగ్యమూ వంటి వుమ్మడి అవసరాలకు ఒక భాగమూ, పనిచెయ్యలేనివారి కోసం మరొక భాగమూ తీసి పెట్టాలన్నాడు. కొత్త సమాజం పెరిగేకొద్దీ మొదటి భాగం పెరుగుతుందన్నాడు. అంటే వైద్యం, ఎవరి పనికి తగ్గ వాటా వారికి అనే లెక్కలోకి రాదు. అది అవసరాన్నిబట్టి నడిచేది.

"సరే, దేశం లోపల అవసరం, సరిహద్దు దాటినవాడికి మాత్రం డబ్బు" అనవచ్చు. దీనికి కొందరు మిత్రులు రెండు జవాబులు చెబుతారు. పర్యాటకుడు కొన్న ప్రతి వస్తువు మీదా పన్ను కడుతూనే వున్నాడు కదా అని ఒకటి. బ్రిటన్ మన సొమ్ము రెండు వందల ఏళ్ళు తిన్నది కదా, వాళ్ళ ఆసుపత్రుల్ని నిలబెట్టింది మన డాక్టర్లూ నర్సులే కదా అని రెండోది. రెండూ నిజాలే. 2020 దాకా విదేశీ నర్సులు, తాము రాత్రింబవళ్ళు పనిచేసే ఆ వైద్యవ్యవస్థకే అదనపు రుసుము కట్టి మరీ అక్కడ బతకవలసి వచ్చింది. ఐనా నేను ఈ రెంటిమీదా ఆధారపడను. మొదటిదాని ప్రకారం ఏమీ కొనని బీదవాడికి హక్కు వుండదు. రెండోదాని ప్రకారం వలసపాలన ఎరగని దేశంవాడికి హక్కు వుండదు. హక్కు అనేది పాతబాకీ వసూలు కాదు.

ఇక్కడ మనకు పనికివచ్చేవాడు, ఆశ్చర్యంగా, కాంట్. శాశ్వతశాంతిని గురించి 1795లో రాసిన చిన్న గ్రంథంలో ఆయన పరదేశికి ఒక హక్కు వున్నదన్నాడు. అది దయ కాదు, హక్కు అని నొక్కి చెప్పాడు. చాలా పొదుపుగానే ఇచ్చాడు ఆ హక్కును. పరదేశి అతిథి మర్యాదలు కోరలేడు. శత్రువుగా చూడవద్దని మాత్రమే కోరగలడు. అతన్ని వెనక్కి పంపవచ్చు కూడా. ఐతే దానివల్ల అతను నాశనం కాకుండా వుంటేనే. ఈ చిన్న షరతు చాలు మనకు. ఆరోగ్యవంతుణ్ణి వెనక్కి పంపితే విమానమెక్కి ఇంటికి పోతాడు. గుండెపోటు వచ్చినవాణ్ణి ఎక్కడికి పంపుతారు? అతనికి ఆ క్షణాన దేశమంటే ఆ ఆసుపత్రి ఒక్కటే. పరదేశికి అతి తక్కువ హక్కులిచ్చే సిద్ధాంతం కూడా ఈ ఒక్క చోట వైద్యం నిరాకరించలేదు. వైద్యం కోసం ప్రయాణం చేసినవాడు వేరు, ప్రయాణంలో వైద్యం అవసరమైనవాడు వేరు. నేను మాట్లాడుతున్నది రెండోవాణ్ణి గురించి.

ఇది ఆచరణలో సాధ్యమా? 1948 జూలై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు విదేశీయులకూ వైద్యం వుచితంగానే చేశారు. దాని నిర్మాత అనైరిన్ బెవాన్ వేల్స్ బొగ్గుగనుల్లో పనిచేసినవాడు. విదేశీయులు దోచుకుపోతున్నారని గోల పెట్టినవాళ్ళకు 1952 నాటి తన పుస్తకంలో జవాబు చెప్పాడు. విదేశీయుణ్ణి ఏరాలంటే స్వదేశీయుడు కూడా తానెవరో రుజువు చూపించుకోవలసి వస్తుందన్నాడు. కాని వసూలు చేసే అధికారం ఇచ్చిన చట్టం 1949లో, ఆయన మంత్రిగా వుండగానే వచ్చింది. అది 1982లో అమలులోకి వచ్చింది. 2015లో యూరపు బయటి సందర్శకులకు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు రేటు పెట్టారు. 2017లో, అత్యవసరం కాని చికిత్సకు ముందే డబ్బు కట్టాలన్నారు.

బెవాన్ భయపడ్డది జరిగింది. ఆరోగ్య సేవ మొదలైన 1948లోనే కరిబియన్ దీవులనుంచి విండ్‌రష్ అనే ఓడలో కార్మికులు బ్రిటన్ చేరారు. వారి వెనక మరెందరో వచ్చారు. చిన్నతనంలో వచ్చి, అక్కడే పనిచేసి, పన్నులు కట్టి, ముసలివాళ్ళయిన మనుషులు కాగితాలు చూపలేకపోయారు. వారిలో ఒక క్యాన్సరు రోగిని చికిత్సకు 54,000 పౌండ్లు కట్టమన్నారు. ఈ అన్యాయం 2018లో దేశమంతటా బయటపడింది. మా విద్యార్థి ఎవరి పక్షాన ప్రశ్న వేశాడో ఆ డ్రైవరు కూడా నల్లవాడైతే కాగితం చూపించవలసిందే. పరదేశిని ఆపటానికి పెట్టిన కాపలా ముందుగా పట్టుకునేది పక్కింటివాణ్ణి.

న్యూజీలండ్ పద్ధతి మరొక విధంగా ఆలోచింపజేస్తుంది. 1974నుంచి అక్కడ ప్రమాదంలో గాయపడినవారికి, తప్పెవరిదన్న విచారణ లేకుండా, సమష్టినిధి సాయం చేస్తుంది. గాయపడ్డ పర్యాటకుడి చికిత్సకు కూడా అది వర్తిస్తుంది. కాని అదే పర్యాటకుడికి జబ్బు చేస్తే వర్తించదు. కొండమీద కాలుజారినవాడికి ఒక న్యాయం, అదే కొండమీద గుండె ఆగబోయినవాడికి ఒక న్యాయం! ఇందులో నీతిసూత్రం ఏదీ లేదు. ఐనా ఒకటి రుజువవుతున్నది. పరదేశికి సమష్టినిధినుంచి వైద్యం చేసినంతమాత్రాన దేశం దివాలా తియ్యదు.

క్యూబాను దాచిపెట్టటం నిజాయితీ కాదు. వైద్యాన్ని ప్రజలహక్కుగా నిలబెట్టిన ఆ దేశం కూడా 2010నుంచి సందర్శకులకు ఇన్సూరెన్సు తప్పనిసరి చేసింది. దిగ్బంధంలో వున్న బీదదేశాన్ని నేను తప్పు పట్టను. మందులకూ మంచాలకూ మనుషుల శ్రమ ఖర్చవుతుంది. వుచితం అంటే ఎవరూ ఇవ్వరని కాదు, రోగి మంచం దగ్గర అడగరని. కనుక అసలు ప్రశ్న డబ్బు కావాలా వద్దా అనేది కాదు, ఎవరి దగ్గర ఎప్పుడు అడగాలి అనేది. యూరపు దేశాలు 2004నుంచి ఒక కార్డు పెట్టుకుని, ఒకరి రోగులకు మరొకరు వైద్యం చేసి, లెక్కలు ఖజానాల మధ్య తేల్చుకుంటున్నాయి. ఆస్ట్రేలియాకు 11 దేశాలతో ఇటువంటి ఒప్పందాలున్నాయి. మనతో లేదు. ఒప్పందం లేనిచోట, దేశంలో అడుగుపెట్టే ప్రతివాడి దగ్గరా, వయసూ జబ్బూ అడక్కుండా, సమానంగా కాస్త రుసుము తీసుకోవచ్చు. ప్రయాణం చెయ్యగలిగినవాడు, ఆరోగ్యంగా వున్నప్పుడు, అది ఇవ్వగలడు.

చివరికి మన ఇంటి సంగతి. 1992లో బెంగాల్‌లో ఒక వ్యవసాయకూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరవాత ఒకటి మంచం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పోసి బతికాడు. ఆ కేసులో 1996లో సుప్రీంకోర్టు, సమయానికి వైద్యం అందించకపోవటం జీవించే హక్కును కాలరాయటమేనని తీర్పు చెప్పింది. ఆ కూలీ పరదేశి కాడు, సొంత రాష్ట్రంలో వున్నవాడే. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు దానికి తాళంచెవి తెల్ల రేషన్ కార్డు. ఒడిశానుంచి మన ఇటుక బట్టీలకు వచ్చిన కూలీ దగ్గర ఆ కార్డు లేదు. వాడు కాల్చిన ఇటుకతో కట్టిన ఆసుపత్రి ముందు వాడు పరదేశి. "లండన్ డ్రైవరు మీకెందుకు పెట్టాలి?" అన్న ప్రశ్నను ఒప్పుకుంటే, "ఒడిశా కూలీకి మేమెందుకు పెట్టాలి?" అన్న ప్రశ్నను కాదనటానికి మన దగ్గర మాట వుండదు. రెండూ ఒకటే ప్రశ్న.

మా విద్యార్థికి నా జవాబు ఇది. ఆ డ్రైవరు పెట్టవలసింది మాస్టారి కోసమే కాదు. వైద్యం అడగటానికి ముందు నువ్వెవరివని అడిగే అలవాటు తన ఆసుపత్రిలో అడుగుపెట్టకుండా వుండటం కోసం. ఆ అలవాటు వచ్చిన నాడు మనిషి నొప్పిని దాచుకుంటాడు. మా మిత్రుడు జీవితమంతా వైద్యం హక్కేనని పాఠాలు చెప్పినవాడు. ఐనా ఆ రాత్రి భార్యను లేపలేకపోయాడు. ఆయన బతికాడు. ఆలస్యం చేసిన ప్రతివాడూ బతకడు.