మరచిపోయే వరం ఎవరికి?

పరశురాముడు తండ్రి మాట మీద తల్లి తల నరికాడన్న సంగతి మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలుసు. తర్వాత అతను అడిగిన వరాలు మాత్రం అంతగా గుర్తుండవు. మహాభారతం అరణ్యపర్వంలో, మరికొన్ని కోరికలతో పాటు, తల్లి తిరిగి బతకాలని అడుగుతాడు. తనను చంపిన సంగతి ఆమెకు జ్ఞాపకం వుండకూడదని అడుగుతాడు. ఆ పాపం తనకు అంటకూడదని అడుగుతాడు. జమదగ్ని అన్నీ ఇచ్చేస్తాడు. పౌరాణిక స్త్రీ పాత్రల పునఃకథనాల మీద పిహెచ్‌డి చేస్తున్న రోజుల్లో నేను ఎక్కువగా రాసింది మొదటి వరం గురించి. చంపడమూ, బతికించడమూ రెండూ మగవాళ్ళ చేతుల్లోనే వున్నాయే అని. ఇప్పుడు రెండో వరం దగ్గర ఇంతసేపు ఆగానంటే, దానికి కారణం ఒక వీడియో గేమ్.

ఈ మాట చూడగానే కొందరు పేజీ తిప్పేస్తారని తెలుసు. కాస్త ఓపిక పట్టమని అడుగుతున్నాను.

2005లో నేను సూర్యాపేటలో పదో తరగతి చదువుతున్నాను. గంటకింత అని డబ్బులు తీసుకుని టీవీల ముందు కూర్చోబెట్టే గేమ్ షాపు ముందునుంచే ట్యూషన్‌కి నడిచి వెళ్ళేదాన్ని. లోపల ఎప్పుడు చూసినా మగపిల్లలే. ఆడపిల్లలు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ లేదు. సరిగ్గా ఆ యేడాదే ప్లేస్టేషన్ 2 మీద ‘గాడ్ ఆఫ్ వార్’ వచ్చింది. అమెరికాలోని శాంటా మోనికా స్టూడియోలో డేవిడ్ జాఫీ దర్శకత్వంలో తయారైన ఆట. గ్రీకు పురాణాల దేవతలు, రాక్షసులు, వాళ్ళ మధ్య క్రేటోస్ అనే స్పార్టా సైనికుడు. ఆ ఆట నా చేతికి రావడానికి దాదాపు ఇరవయ్యేళ్ళు పట్టింది.

మిర్యాలగూడలో వుండే మా చిన్నమ్మ కొడుకు ఎక్కడో పాత ప్లేస్టేషన్ కొన్నాడు. దాని లెన్స్ పోయింది, డిస్కు చదవదు. వాడు వూరుకోకుండా అందులోని బయోస్‌ని బయటికి తీసి, డిస్కుని కంప్యూటర్లోకి ఎక్కించి, పిసిఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటర్ మీద నడిపాడు. ఎమ్యులేటర్ అంటే ఒక యంత్రం వేషం కట్టే ప్రోగ్రాం అనుకోండి. ఆట తాను అసలు ప్లేస్టేషన్ మీదే నడుస్తున్నాననుకుంటుంది. తర్వాత అదంతా నా లాప్‌టాప్‌లోనూ పెట్టి, రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్ కూడా ఇచ్చాడు. కోదాడలో నేను వుండే అద్దె గదిలో, మర్నాటి పాఠం తయారుచేసుకున్నాక, రాత్రిళ్ళు ఆడాను. పది గంటలకు పైగానే పట్టింది. నా చేతకానితనం లెక్కేస్తే ఇంకా ఎక్కువ.

కథ ఇదీ. క్రేటోస్ యుద్ధదేవుడు ఏరీస్‌కి బంటు. ఏరీస్ అతణ్ణి ఎథీనా గుడి వున్న ఒక పల్లె మీదికి తోలతాడు. గుడిలోకి పోవద్దని అక్కడి ముసలామె హెచ్చరిస్తుంది. అతను వినడు. లోపల కనిపించినవాళ్ళందర్నీ నరుకుతాడు. కోపం దిగాక చూస్తే కింద పడున్నది తన భార్య, తన కూతురు. ముసలామె శాపంతో వాళ్ళ బూడిద అతని ఒంటికి అంటుకుని ఇక వదలదు. అందుకే అతను తెల్లగా వుంటాడు. ఆట పొడుగునా మనం ఆడించేది భార్యాబిడ్డల బూడిద పూసుకున్న మనిషిని.

మగవాడి శోకానికి ముడిసరుకుగా ఆడవాళ్ళని చంపడం సాహిత్యానికి కొత్తకాదు. యూరిపిడీస్ నాటకంలో హెరాక్లిస్ కూడా పిచ్చి ఆవహించి భార్యనీ పిల్లల్నీ చంపుతాడు. తర్వాత ఓదార్పు అతనికే దొరుకుతుంది. కానీ నాటకం మనం చూసినా చూడకపోయినా జరుగుతుంది. ఆట అలా కాదు. పండోరా ఆలయంలో ఒకచోట బోనులో బంధించిన సైనికుడుంటాడు. ఆ బోనుని ఎత్తు మీదికి తోసుకెళ్ళి, అతణ్ణి నిప్పుకి బలిస్తే గానీ దారి తెరుచుకోదు. వదిలెయ్యమని బతిమాలుతుంటాడు. తోసేది నా బొటనవేలు.

ఎమ్యులేటర్లో ఒక సౌకర్యం వుంది. అసలు ప్లేస్టేషన్లో ఆట నిర్ణయించిన చోట్లలోనే మన స్థితిని దాచుకోగలం. ఎమ్యులేటర్లో ఏ క్షణాన్నయినా ఉన్నదున్నట్టు నిలిపేసి మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. నేను ఆ బోను ముందు నిలిపేశాను. నాలుగు రోజులు ముట్టుకోలేదు. అయితే నేను తొయ్యనంతమాత్రాన అతను బయటికి రాడు. బోనులోనే వుంటాడు, ఎప్పటికీ. తలుపు తీసే మార్గం తయారుచేసినవాళ్ళు పెట్టనేలేదు. తప్పు చెయ్యకుండా వుండటమూ, తప్పు జరిగే చోట నిలబడి ఏదన్నా మార్చగలగడమూ ఒకటి కావని మనం వ్యాసాల్లో రాస్తూనే వుంటాం. అది బొటనవేలికి తెలియడం వేరే సంగతి. అయిదో రోజు తోశాను. “ఆట గదక్కా, నిజంగ సంపుతున్నమా ఏంది?” అన్నాడు తమ్ముడు ఫోన్లో.

నిజమే, ఎవరూ చావలేదు. ఆటలాడితే పిల్లలు హంతకులవుతారన్న వాదన నాకూ సోమరి వాదనగానే కనిపిస్తుంది. ఆటగాడి చెయ్యి అన్నది చిన్న విషయం కాదని గుర్తించినవాళ్ళు, నాకు నచ్చని వైపునుంచే అయినా, ఇంతకు ముందూ వున్నారు. 2009లో హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ తయారుచేసింది. పూర్తిగా మనదేశంలో తయారై ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన మొదటి ఆట అది. పూజించే దేవుణ్ణి ఆటగాడు మీటలతో ఆడించడం అవమానమని అమెరికాలో వుండే రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. తోలుబొమ్మలాటలో హనుమంతుణ్ణి శతాబ్దాలుగా పుల్లలతో ఆడిస్తూనే వున్నాం కాబట్టి ఆ అభ్యంతరం నాకు నిలవదు. కానీ నా చేత్తో ఎవర్ని ఆడిస్తున్నాను అన్న ప్రశ్న వుందే, అది నిలుస్తుంది. దేవుడి గౌరవం గురించి అడిగినంత గట్టిగా ఆ ప్రశ్నను ఆడవాళ్ళ గురించి అడిగినప్పుడు ఏమయిందో చూశాం. వీడియో గేముల్లో స్త్రీల చిత్రణ మీద 2013 నుంచి వరసగా విశ్లేషణలు చేసిన అనీటా సర్కీసియన్‌కి చంపుతామని బెదిరింపులొచ్చాయి.

అడగాల్సినవి చాలానే వున్నాయి మరి. మొదటి ఆటలో ఓడ గదిలో మంచం మీద ఇద్దరు స్త్రీలుంటారు, సరైన బటన్లు నొక్కితే క్రేటోస్‌కి పాయింట్లొస్తాయి. 2010 నాటి మూడో ఆటలో ఒక యువతిని ఈడ్చుకెళ్ళి, తలుపు పడిపోకుండా ఒక చక్రానికి అడ్డుగా ఇరికిస్తాడు. ఆమె అక్కడే నలిగి చస్తుంది. స్త్రీ మనిషిగా కాక పనిముట్టుగా మారడం గురించి నేను క్లాసులో ఇచ్చే ఉదాహరణలేవీ ఇంత సూటిగా వుండవు.

ఇవన్నీ పట్టుకోవడం తేలిక. నన్ను పట్టుకున్నది మాత్రం ఇవి కావు. క్రేటోస్ ఇంత దూరం నడిచేది పండోరా పెట్టె కోసమో, ఏరీస్‌ని చంపడం కోసమో కాదు. అతనికి కావలసింది మరచిపోవడం. రాత్రిళ్ళు భార్యాబిడ్డలు కళ్ళముందు కనపడకూడదు. పదేళ్ళు దేవతలకు ఊడిగం చేసింది అందుకే. చివర్లో ఎథీనా అతని పాపాలు క్షమించామంటుంది కానీ ఆ పీడకలలు తీసెయ్యడం మాత్రం కుదరదంటుంది. అంత చేసినవాడు మరచిపోకూడదు, ఏ దేవుడూ మరిపించకూడదు.

ఇది విన్నాక పరశురాముడి వరాలు గుర్తొచ్చాయి. అక్కడ మరుపు హంతకుడికి కాదు, తల్లికి. ఆమె మెడ మీద గొడ్డలి పడ్డ సంగతి ఆమె దగ్గర్నుంచే తీసేసుకున్నారు. ఎవరి మీద ఏం నేరం చెయ్యాలి, సాక్ష్యం కూడా లేకుండా? బతికి లేచిన రేణుక అదే ఇంట్లో, అదే మొగుడికి, అదే కొడుకుకి వండిపెట్టాలి కదా. గుర్తుంటే ఆ కుటుంబం నిలవదు. మరుపు ఆమె మీద దయ కాదు, కుటుంబానికి మరమ్మతు. హంతకుణ్ణే హీరోగా నిలబెట్టిన ఒక అమెరికన్ ఆట, స్త్రీల విషయంలో ఇంత మోటుగా వున్న ఆట, ఈ ఒక్క విషయంలో మన ఇతిహాసం కన్నా నిజాయితీగా వుందని ఒప్పుకోవడం నాకు ఇబ్బందిగానే వుంది.

అయితే ఇతిహాసం ఒక్కటే మనది కాదు. తెలంగాణ పల్లెల్లో రేణుక ఎల్లమ్మ. బైండ్లవాళ్ళు జమిడిక మోగిస్తూ ఆమె కథ చెప్తారు. అక్కడ కథ పేరే ఎల్లమ్మ కథ, పరశురాముడు అందులో ఒక పాత్ర. ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోకి పోతే మాహూర్ కొండ మీద రేణుకామాతకు వొళ్ళు వుండదు, ముఖం మాత్రమే వుంటుంది. తెగిన తలగా పూజలందుకునే దేవతకు, తను తెగిన సంగతి గుర్తులేదని ఎవరు నమ్మించగలరు? పండితులిచ్చిన మరుపుని జనం పుచ్చుకోలేదు. ఓల్గా ‘సైకత కుంభం’లో రేణుక సీతతో తన కథ తనే చెప్పుకోవడం నాకు ఈ వరసలోదే అనిపిస్తుంది. జ్ఞాపకాన్ని ఆమెకు తిరిగి ఇచ్చెయ్యడం.

మిర్యాలగూడ అన్నాక ఈ పత్రిక పాఠకులకు ఇంకొకటి గుర్తొచ్చే వుంటుంది. 2018 సెప్టెంబరు 14న గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రినుంచి బయటికొస్తున్న దళిత యువకుణ్ణి అక్కడ నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రేనని కేసు. విచారణ పూర్తికాకముందే 2020 మార్చిలో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ యేడాదే ‘మర్డర్’ అన్న సినిమా ప్రకటన వచ్చింది, అదీ ఫాదర్స్ డే రోజున. కూతుర్ని అతిగా ప్రేమించిన తండ్రి గుండెకోత గురించి. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఈ యేళ్ళన్నిట్లో కోదాడ, మిర్యాలగూడ బస్సుల్లో నేను విన్న మాటలు రెండు రకాలు. ఆయన గురించి, ‘ఎంత కుమిలిపోయిండో పాపం’ అని. ఆమె గురించి, ‘ఇగ మర్సిపోయి తల్లి దగ్గరికి పోవచ్చు గదా’ అని.

పోలిక మరీ సాగదీయకూడదు. క్రేటోస్‌ని ఏరీస్ మోసం చేశాడు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, కులం వుంది, ఇచ్చిన సుపారీ వుంది. ఆటలో చచ్చిన స్త్రీలు మాట్లాడలేరు. ఇక్కడ ఆమె బతికి వుంది, మాట్లాడింది, కోర్టుకెక్కింది, అతని విగ్రహం పెట్టాలంది. ఆ విగ్రహానికే అభ్యంతరాలు లేచాయి. కుమిలిపోవడం తండ్రికి గొప్పతనమైతే, గుర్తుపెట్టుకోవడం కూతురికి మొండితనం ఎలా అయింది? పశ్చాత్తాపం నిజమైనదే కావచ్చు, నేను కాదనను. కానీ అది అవతలివాళ్ళ మరుపుని ధరగా అడగడం మొదలుపెట్టిన క్షణంనుంచి పశ్చాత్తాపం కాదు, పరశురాముడి రెండో వరమే.

మొన్న సెలవులకు చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తమ్ముడు ఇదే వరసలో 2008లో పిఎస్‌పి మీద వచ్చిన ‘చెయిన్స్ ఆఫ్ ఒలింపస్’ పెట్టాడు, ఫోన్లోనే, ఇంకో ఎమ్యులేటర్ మీద. అందులో క్రేటోస్‌కి పరలోకంలో చనిపోయిన కూతురు దొరుకుతుంది. లోకాన్ని కాపాడాలంటే ఆ పిల్లని వదిలి వెళ్ళాలి. ఆమె వాటేసుకుని ఏడుస్తుంటే, తోసెయ్యడానికి ఆటగాడు ఒకే బటన్ని పదేపదే నొక్కాలి. నా వేలు నెమ్మదించింది. “నొక్కక్కా, గట్టిగ నొక్కు” అంటున్నాడు తమ్ముడు. చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా మధ్యలోంచి తొంగిచూసింది.

“ఆ పిల్ల ఎందుకేడుస్తుందిరా?”

వాడు మొదట్నుంచీ చెప్పాడు. తండ్రి చేతుల్లో ఏమైందో, ఆయన ఎంత బాధపడ్డాడో, ఇప్పుడు లోకం కోసం ఎంత పెద్ద త్యాగం చేస్తున్నాడో. చిన్నమ్మ అంతా విన్నది.

“అది సరేరా. ఆ పిల్ల ఎందుకేడుస్తుంది?”