రెండవ పస్కా

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 9:1–14



సీనాయి అరణ్యములో ఇశ్రాయేలీయులు మొదటి నెల పదునాలుగవ దినమున పస్కా ఆచరించుచుండగా, కొందరు మనుష్యులు మోషే అహరోనుల యెదుటికి వచ్చిరి. వారు శవమును ముట్టినవారు గనుక పండుగలో పాలుపొందుటకు వీలులేకపోయెను. చనిపోయినవానిని ఎవరో ఒకరు మోయవలసినదే గదా! మేమెందుకు వెలియై యుండవలెనని వారడిగిరి. మోషే వారిని గద్దింపలేదు. తనకు తోచిన జవాబు చెప్పనూ లేదు. దేవుని సెలవేమో విందునని ఆగెను. దేవుడు వారికి రెండవ నెల పదునాలుగవ దినమును నియమించెను. అంతేకాదు, అచ్చటికి వచ్చి అడుగలేని ఇంకొకనిని గూడ ఆయన జ్ఞాపకము చేసికొనెను. దూర ప్రయాణములో నున్నవానికిని ఆ దినమే నియమింపబడెను.

ఈ మాట చదివినప్పుడెల్ల నాకు బెజవాడ స్టేషను జ్ఞాపకము వచ్చును. చెన్నై, కాజీపేట, విశాఖపట్నము, బందరు వైపులకు బండ్లు చీలిపోవు చోటు అది. మన పల్లెల బిడ్డలు కొందరు ఆ బండ్లు నడుపుచున్నారు. వారి విశ్రాంతి దినము ఏ వారమున పడునో వారికే తెలియదు. ఇబ్రహీంపట్నములో 1979లో మొదలైన థర్మల్ కేంద్రపు బాయిలరు ఆదివారమని చల్లారదు. రాత్రి డ్యూటీ నర్సు సంగతి చెప్పనక్కరలేదు.

ఇచ్చట నా తప్పు ఒప్పుకొనుచున్నాను. గూడ్సు బండి నడుపు ఒక సహోదరుని భార్యను, "మీవారు గుడి దారి మరచిపోయినారా అమ్మా?" అని పదిమందిలో అడిగితిని. ఆమె తల వంచుకొన్నది. ఆ మంగళవారము పగలు పదకొండు గంటలకు వారింటికి వెళ్లితిని. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పండుకొన్న మనిషిని నా కొరకు లేపిరి. ఎర్రబారిన కన్నులతో ఆయన నిలువబడగా, విశ్రాంతి దినమును గూర్చి నేను దీర్ఘముగా ప్రార్థించితిని! వెళ్లబోవుచుండగా ఆయన మెల్లగా అడిగెను: "అయ్యగారూ, ప్రభువు బల్లకు వచ్చి నాలుగు నెలలైందండి. మొదటి ఆదివారం నాకు డ్యూటీయే పడుతోంది. ఇంకోరోజు పెట్టకూడదాండి?"

సంఖ్యాకాండములోని ప్రశ్నయే అది. మోషే దేవుని యొద్దకు వెళ్లెను. నేను "చూద్దాం" అని ఇంటికి వెళ్లితిని.

తరువాత 2024 సెప్టెంబరు 1 వచ్చెను. అది ఆదివారము. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగెను, రాయనపాడు స్టేషనులో నీరు నిండెను. మరునాటికి ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చెను. ఆ రెండు దినములు గేట్ల యొద్దను, కరెంటు స్తంభముల యొద్దను, ఆసుపత్రి వార్డులలోను నిలిచినవారిలో మన విశ్వాసులును ఉండిరి. ఆ ఆదివారము వారందరు డ్యూటీ మాని గుడికి వచ్చియుండిన యెడల, మన గతి ఏమయ్యెడిది?

ఆ నెలలోనే సంఘ పెద్దలను కూర్చుండబెట్టి ఈ అధ్యాయము చదివితిని. "ఇట్లు సడలించితే అందరు ఆదివారము ఎగవేయుదురు" అని ఒక పెద్ద అనెను. ఆ మాట తీసివేయదగినది కాదు. వీలుండియు మానుకొన్నవానికి పదుమూడవ వచనములో కఠినమైన తీర్పే యున్నది. అయితే అడ్డంకి గలవానికి ఇయ్యబడిన పస్కాలో ఏ కొదువయు లేదు. అదే గొఱ్ఱెపిల్ల, అవే పొంగని రొట్టెలు, అవే చేదు కూరలు. మిగిలినది వారికి పెట్టలేదు.

ఇప్పుడు మా గుడిలో నెలకొక సాయంకాలము రెండవ బల్ల యున్నది. ఏ దినమో డ్యూటీ కాగితములు చూచుకొని వారే చెప్పుదురు. మొదటి సాయంకాలము వచ్చినవారు నలుగురే. ఆరాధన క్రమములో ఒక్క మాటయైనను తగ్గింపలేదు. నాట్ల కాలములో ఆ ఆరాధన రాత్రి ఎనిమిదింటికి పెట్టితిమి. పొద్దువాలు వరకు బురదలో వంగియున్న తల్లులు స్నానము చేసి, బిడ్డలకు అన్నము పెట్టి రావలెను గదా.

మీ సంఘములో మొదటి ఆదివారము ఖాళీగా నున్న చోట్లు ఎవరివో పెద్దలు విచారించుడి. వారిండ్లకు వెళ్లుడి. అయితే వారు నిద్ర లేచు వేళ ఏదో ముందుగా అడిగి వెళ్లుడి.