ఈ వయసులో ఎందుకమ్మా? అన్నాను... అమ్మ రామకోటి, నా పాత పెన్ను



ఈ వారం పురాణ కథ కంటే ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మీకు చిన్న విషయంలాగే అనిపించొచ్చు. ఒక నవ్వు, అంతే. కానీ ఆ నవ్వు వల్ల మా ఇంట్లో ఒక రామకోటి పుస్తకం రెండు నెలలు మూతపడి ఉంది.

మన వయసు వాళ్ళలో చాలామందికి ఇప్పుడు పాత వస్తువుల సరదా పట్టుకుంది. నా ఫ్రెండ్స్‌లో ఒకడు ఫిల్మ్ కెమెరా వాడతాడు. రీలు కడిగి ఫోటోలు వచ్చేదాకా రోజుల తరబడి ఎదురుచూస్తాడు, అదే మజా అంటాడు. ఇంకొకడు గ్రామఫోన్ రికార్డులు కొంటాడు. నాది ఫౌంటెన్ పెన్ను పిచ్చి. పొద్దున్నుంచి రాత్రి దాకా కీబోర్డు మీద కోడ్ కొట్టే ఉద్యోగం కదా, చేత్తో నాలుగు అక్షరాలు రాస్తే ఏదో హాయి.

బంధువుల పెళ్ళికి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక రత్నం పెన్ను కొనుక్కున్నాను. ఆ పెన్ను వెనక కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, విదేశీ పెన్నులే దిక్కైన కాలంలో, గాంధీజీ మాట పట్టుకుని కె.వి. రత్నం గారు రాజమండ్రిలో పెన్నులు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆయన పంపిన పెన్ను వాడి, బాగుందని గాంధీజీ 1935లో ఉత్తరం కూడా రాశారు. పెన్ను ఒళ్ళంతా ఎబొనైట్. అంటే రబ్బరుకి గంధకం కలిపి వేడి చేసి గట్టిపరిచిన పదార్థం. దాన్ని లేత్ మీద చేత్తో తిప్పి చెక్కుతారు. కార్ట్రిడ్జ్ లాంటివేమీ ఉండవు, డ్రాపర్‌తో ఇంకు నేరుగా పెన్ను బాడీలోకే పోయాలి.

అంత మంచి పెన్నుతో ఏం రాయాలి? రామకోటి రాద్దాం అనుకున్నాను. గడులున్న పుస్తకం తెచ్చాను. మొదటి పేజీ రాస్తూ పైనుంచి వీడియో తీశాను. ఎబొనైట్ నలుపు, ఇంకు నీలం, పక్కన దీపం. రీల్ బాగా వెళ్ళింది. "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు అందరూ. పదకొండు పేజీలు రాశాను. తర్వాత ఆఫీస్‌లో రిలీజ్ వచ్చింది, పుస్తకం అల్మరాలోకి వెళ్ళింది. నన్నెవరూ ఏమీ అనలేదు.

137 ఏళ్ళ లెక్క

మా అమ్మకి 57 ఏళ్ళు. ఏడో తరగతి దాకా చదివింది. ఊళ్ళో హైస్కూల్ లేదు, పక్క ఊరికి పంపలేదు. ఆ తర్వాత ఆవిడ చేత్తో రాసిందంటే కిరాణా సామాన్ల లిస్టు, పాల లెక్క, అంతే. ఏ ఫారం వచ్చినా నాన్నో నేనో నింపి, చివర్లో "ఇక్కడ సంతకం పెట్టు" అని వేలు చూపించేవాళ్ళం.

ఒకరోజు ఆఫీస్ నుంచి వచ్చేసరికి అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నా పెన్నుతో రాస్తోంది. తనే కొత్త రామకోటి పుస్తకం కొని తెచ్చుకుంది. మా పిన్ని కూడా ఉంది ఇంట్లో. తొంగి చూశాను. అక్షరాలు గడి దాటి బయటికి పోతున్నాయి. 'శ్రీ' ఒక్కో గడిలో ఒక్కోలా ఉంది. పేజీ మధ్యలో పెద్ద ఇంకు మరక.

"రోజుకి ఎన్ని రాస్తున్నావమ్మా?" అన్నాను.

"రెండొందలు అవుతున్నాయిరా."

ఇంజనీర్ బుర్ర కదా, వెంటనే లెక్క కట్టేశాను. కోటి నామాలు, రోజుకి 200. అంటే 50,000 రోజులు. "అమ్మా, నీ స్పీడ్‌లో 137 ఏళ్ళు పడుతుంది! అయినా ఈ వయసులో ఎందుకమ్మా నీకు, కోడి కెలికినట్టుంది" అని నవ్వాను. పిన్ని కూడా నవ్వింది.

అమ్మ నవ్వలేదు. మరక మీద పైటచెంగుతో ఒత్తుతూ, "రాముడి పేరు మీద మరక పడిందిరా, అపచారం కదూ" అంది. కాసేపటికి పుస్తకం మూసి, పెన్ను క్యాప్ పెట్టి, "నిజమేలే, ఈ వయసులో నాకెందుకు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పుస్తకం దేవుడి గూట్లో, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి కనపడింది. రెండు నెలలు దాని ముడి ఎవరూ విప్పలేదు.

నాకు చప్పట్లు, అమ్మకి నవ్వు

ఇక్కడే నాకు ఒక ప్రశ్న పట్టుకుంది. 28 ఏళ్ళ నేను పాత కాలం పని చేస్తే "ఎంత బాగుందో" అన్నారు. 57 ఏళ్ళ అమ్మ కొత్త పని మొదలుపెడితే "ఇప్పుడెందుకు" అన్నాం. పెన్ను అదే, పుస్తకం అలాంటిదే, రాసే పేరు అదే. నాకు చప్పట్లు, ఆవిడకి నవ్వు. ఎందుకు?

ఆఫీస్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారంలోనే ఏదో పాడు చేస్తే, "పర్లేదు, అందరం ఇలాగే నేర్చుకున్నాం" అని నేనే చెప్తాను. మూడుసార్లు అడిగినా విసుక్కోను. ఆ ఓపిక అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? నాకు నడక, మాట, అక్షరం నేర్పినావిడ దగ్గర? కొత్తగా నేర్చుకునే హక్కు చిన్నవాళ్ళకే ఉందని నేను ఎప్పుడు తీర్మానించుకున్నానో నాకే తెలీదు.

మన సంప్రదాయం అలా అనుకోలేదు. శివాలయంలో ప్రదక్షిణ చేసేటప్పుడు దక్షిణం వైపు గోడ మీద దక్షిణామూర్తిని చూసే ఉంటారు. మర్రిచెట్టు కింద కూర్చున్న ఆ గురువు యువకుడు. కింద కూర్చున్న శిష్యులు వృద్ధులు. ఎన్నో ఏళ్ళుగా దణ్ణం పెట్టి ముందుకెళ్ళిపోయాను కానీ ఆ గడ్డాలు నెరిసిన శిష్యుల్ని ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ముసలితనంలో విద్యార్థిగా కూర్చోవడం సిగ్గుపడాల్సిన విషయమైతే దాన్ని గుడి గోడ మీద చెక్కేవారా?

భాగవతంలో పరీక్షిత్తు సంగతి చూడండి. ఏడు రోజుల్లో పోతానని తెలిశాక గంగ ఒడ్డున కూర్చుని వినడం మొదలుపెట్టాడు. చెప్పిన శుకమహర్షికి పదహారేళ్ళు. ఆయన రాగానే పెద్ద పెద్ద మునులంతా లేచి నిలబడ్డారు. "ఏడు రోజుల్లో ఏమవుతుంది" అని ఎవరూ లెక్క కట్టలేదు. పైగా శుకుడు ఆయనకి ఖట్వాంగుడి కథ గుర్తు చేశాడు. ఆ రాజుకి మిగిలింది ఒక్క ముహూర్తమే, అంటే మన లెక్కలో 48 నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే అన్నీ వదిలి హరిని పట్టుకున్నాడు. నీకు ఇంకా ఏడు రోజులున్నాయి కదా అన్నది శుకుడి ధైర్యవచనం. నేనేమో అమ్మకి 137 ఏళ్ళు లేవని చెప్పాను.

మరి శంకరుల మాటో?

ఇక్కడ మీలో కొందరు అడగొచ్చు. "కాశీలో ఒక ముసలాయన వ్యాకరణ సూత్రాలు వల్లెవేస్తుంటే ఆదిశంకరులు మందలించారు కదా, భజగోవిందం అలాగే పుట్టిందని చెప్తారు కదా? అంటే పెద్ద వయసులో కొత్త చదువులు వద్దనే కదా అర్థం?"

మంచి ప్రశ్నే. నేనూ దీని చుట్టూ చాలా తిరిగాను. కానీ ఆ స్తోత్రం మొత్తం చదివితే దెబ్బ ముసలివాళ్ళ ఒక్కరికే కాదు. పసితనం ఆటల్లో, యౌవనం మోహంలో, ముసలితనం చింతల్లో గడిచిపోతోంది, పరమాత్మ వైపు చూసేవాడే లేడని అందులో వాపోతారు. అంటే మొదటి వరసలో నేనూ ఉన్నాను. ఆయన ప్రశ్న "నీ వయసెంత" అని కాదు అనిపించింది నాకు. "ఇది నిన్ను ఎటు తీసుకెళ్తోంది" అని. ఆ కొలత పెట్టి చూస్తే, వంకర అక్షరాల రామనామం రాసే అమ్మని శంకరులు ఎందుకు మందలిస్తారు? దీపం పక్కన పెన్ను కోణం సరిచేసుకుంటున్న నన్ను మాత్రం తప్పకుండా ఆపి అడుగుతారు.

అలాగని పాత వస్తువుల మీద ఇష్టం తప్పని నేను అనను. మనం దసరాకి పనిముట్లకి పసుపు కుంకుమ పెట్టి పూజ చేసేవాళ్ళం. చేతిలోని వస్తువు మీద ప్రేమ, దాన్ని చేసిన పనివాడి మీద గౌరవం మన రక్తంలోనే ఉన్నాయి. ఎబొనైట్ పెన్ను బరువు చేతికి తగిలినప్పుడు కలిగే సంతోషాన్ని దేవుడు తప్పుపడతాడని నేను నమ్మను. కాకపోతే పూజలో గంటకి ఒక చోటుంది. గంట ఎంత బాగా మోగినా, గంట చూసుకుంటూ దేవుణ్ణి మర్చిపోతే అది పూజ అవదు. పదకొండు పేజీలూ నేను గంటే చూసుకున్నాను. అందుకే వీడియో చూసేవాళ్ళు తగ్గగానే రాయడం కూడా ఆగిపోయింది. అమ్మ పుస్తకాన్ని ఎవరూ చూడలేదు. అయినా రాసింది, నేను నవ్వేదాకా.

ఆ మరక ఎవరిది?

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పెన్ను కడుగుతుంటే ఒక విషయం అర్థమైంది. ఇలా డ్రాపర్‌తో నింపే పెన్నుల్లో ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. పట్టుకున్న చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి నెడుతుంది. టప్పున చుక్క పడుతుంది. అందుకే ఇంకు అడుగంటకముందే నింపుతూ ఉండాలి. ఆ రోజు పెన్నుని దాదాపు ఖాళీగా వదిలేసింది నేను. ఆ మరక నాది. అమ్మేమో తన చేతకానితనం అనుకుంది, అపచారం అనుకుంది, పుస్తకం మూసేసింది.

ఇంకో పని కూడా చేశాను. అలవాటు లేని చెయ్యి ఎలా ఉంటుందో తెలుసుకుందామని రఫ్ పేపర్ మీద ఎడమ చేత్తో అఆలు రాశాను. 'ఋ' దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు నొప్పి, మెడ నొప్పి. నా అక్షరాలు అమ్మ అక్షరాల కంటే ఘోరంగా ఉన్నాయి. రోజుకి రెండొందలు అంటే ఎంత పట్టుదలో అప్పుడు తెలిసింది.

పెన్ను నిండా ఇంకు పోసి, తుడిచి, ఆ రఫ్ పేపర్‌తో పాటు అమ్మ ముందు పెట్టాను. "అమ్మా, ఆ రోజు పడిన మరక నా వల్లే. నవ్వినందుకు కూడా తప్పు నాదే" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు.

అమ్మ నా ఎడమ చేతి అక్షరాలు చూసి, "ఇదేంట్రా, కోడి కెలికినట్టుంది" అంది. ఇద్దరం నవ్వాం. కానీ వెంటనే పుస్తకం తియ్యలేదు. ఒకసారి మూసిన మనసు సారీ అనగానే తెరుచుకోదు. నాలుగో రోజు పొద్దున్న స్నానం చేసి వచ్చి, గుడ్డ ముడి విప్పింది.

"137 ఏళ్ళు అన్నావుగా, మరి పూర్తి కాదేమో?" అని నన్నే అడిగింది.

ఏం చెప్పాలో తెలీలేదు. ఈ దారిలో మొదలుపెట్టిన ప్రయత్నం వృథా పోదని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన మాట గుర్తొచ్చి అదే చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, "సరేలే, నేను రాసినన్ని రాస్తా. మిగతావి నువ్వు రాయి" అంది.

అలా నా పుస్తకం కూడా అల్మరాలోంచి బయటికొచ్చింది. ఇప్పుడు పన్నెండో పేజీ నుంచి రాస్తున్నాను. ఫోన్ ఇంకో గదిలో పెడతాను. కొన్ని రోజులు మనసు నిలవదు, కొన్ని రోజులు పెన్ను మీదకే పోతుంది. అమ్మ పేజీల్లో మొదటి మరక అలాగే ఉంది. గడి దాటే అక్షరాలు మాత్రం తగ్గాయి. పోయిన నెల బ్యాంకు ఫారం వస్తే పేరు, అడ్రసు తనే నింపింది. నేను వేలు చూపించబోతే, "కనపడుతోందిలే" అంది.

ఈ వారం మీరు ఒక చిన్న పని చెయ్యండి. ఇంట్లో అమ్మో, నాన్నో, నానమ్మో, తాతయ్యో ఎప్పటి నుంచో నేర్చుకోవాలనుకుని ఆగిపోయిందేంటో అడగండి. వీణ కావచ్చు, ఈత కావచ్చు, ఫోన్‌లో టికెట్ బుక్ చేసుకోవడం కావచ్చు. లెక్కలు కట్టకండి. పక్కన కూర్చోండి. మరక పడితే ఒకసారి పెన్నులో ఇంకు ఎంతుందో చూడండి.

జై శ్రీరామ్.