సామాను యొద్ద నిలిచినవారి పాలు

ధ్యాన భాగము: 1 సమూయేలు 30వ అధ్యాయము



ఇంటర్మీడియెటు ఫలితములు వచ్చిన వారములో మా యింటి అరుగు ఖాళీగా ఉండదు. ఈ యేడు వచ్చినవారిలో మన సంఘపు సహోదరుడొకడు ఉన్నాడు. కూలి పనిచేసి కుమార్తెను బైపీసీ చదివించెను. పిల్ల మంచి మార్కులతో ప్యాసయినది. ఆయన తలగుడ్డ తీసి ఒడిలో పెట్టుకొని ఇట్లడిగెను:

"అయ్యగారూ, పిల్ల నర్సు చదువుతానంటుంది. వాళ్ల మేనమామేమో హైదరాబాదు పంపితే మెడికల్ కోడింగు నేర్పిస్తానంటున్నాడు. ఏ.సి. గదిలో కూర్చుని చేసే పనంట. నర్సంటే రాత్రి డ్యూటీలు, రోగుల మలమూత్రాలు ఎత్తాలి, రేపు సంబంధాలు రావని వాళ్లమ్మ ఒకటే ఏడుపు. ఉన్నది అరెకరం. తాకట్టు పెట్టేది ఒక్కసారే గదా. దేనికి పెట్టమంటారు?"

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇటువంటి ప్రశ్న మన గ్రామములలో అనేక గృహములలో ఉన్నదని యెరిగి, ఈ నెల ధ్యానమును దీనికే కేటాయించుచున్నాము.

దావీదును అతని 600 మందియు సిక్లగునకు తిరిగి వచ్చునప్పటికి ఊరు కాలిపోయి యుండెను. భార్యలును పిల్లలును చెరపట్టబడిరి. వారు అమాలేకీయులను తరుముచు బెసోరు వాగు వరకు పోగా, 200 మంది అలసటచేత వాగు దాటలేక సామాను యొద్ద నిలిచిపోయిరి. తక్కిన 400 మంది పోయి జయము పొంది తిరిగివచ్చిరి. అప్పుడు వారిలో కొందరు దుర్మార్గులు, మాతో రానివారికి దోపుడు సొమ్ములో పాలెందుకని గొణిగిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికెంతో సామాను కాచినవానికంతే అని తీర్పు చెప్పెను. అది ఇశ్రాయేలులో కట్టడగా నిలిచెను.

ఆసుపత్రిలో రోగి మంచము యొద్ద నిలుచు నర్సు యుద్ధమునకు పోయినవారివంటిది. రోగుల కాగితములను భద్రముచేయువారు, వ్యాధులకు గుర్తుసంఖ్యలు వేయువారు సామాను యొద్ద నిలిచినవారివంటివారు. ఒకరి పని అందరికిని కనబడును, రెండవవారి పని కనబడదు.

కనబడని పని యెంత విలువైనదో మేము కన్నులార చూచితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట మన సంఘపు తల్లి యొకతె కాలి పుండు చూపించుకొనబోగా సూదిమందు ఇచ్చిరి. నిమిషములలో ఆమెకు ఊపిరాడలేదు, ముఖము వాచిపోయెను. డ్యూటీలోనున్న నర్సు పరుగున వచ్చి, డాక్టరును పిలిచి, విరుగుడు మందు ఎక్కించి ఆమెను దక్కించెను. తరువాత తెలిసినదేమనగా, ఆ మందు ఆమెకు పడదని రెండేండ్లకు ముందే వేరొక ఆసుపత్రిలో బయటపడినది. గాని ఆమె చేతికిచ్చిన చీటిలో ఆ మాట వ్రాయలేదు. చదువురాని ఆ తల్లికి మందు పేరెట్లు తెలియును? నర్సు చేతులు ఆమెను బ్రతికించెను. ఒక్క పంక్తి వ్రాసియుండినయెడల ఆ గండమే రాకపోవును.

వైద్యుడైన లూకాను జ్ఞాపకము చేసికొనుడి (కొలొస్సయులకు 4:14). సీమోను అత్త జ్వరమును గూర్చి మత్తయి, మార్కు జ్వరమని మాత్రము చెప్పగా, లూకా అది తీవ్రమైనదని వ్రాసెను. నడుము వంగిపోయిన స్త్రీ 18 ఏండ్లనుండి బాధపడెనని వ్రాసెను. ప్రధానయాజకుని దాసునికి తెగినది కుడి చెవి యని వ్రాసెను. ఏ వ్యాధి, ఎంత తీవ్రము, ఎన్నాళ్లనుండి, ఏ పక్కన? నేటికిని రోగి కాగితములో ఉండవలసినది ఇదియే గదా. వైద్యమును వ్రాతయును ఆ పరిశుద్ధుని చేతిలో ఒక్కటిగా నుండెను.

నర్సులకు ఆదర్శమైన ఫ్లారెన్సు నైటింగేలు కూడ అట్టిదే. 1854లో క్రిమియా యుద్ధకాలమున స్కుటారి ఆసుపత్రిలో ఆమె సైనికులకు పరిచర్య చేసెను. దీపము పట్టుకొని తిరిగిన సంగతి అందరును చెప్పుదురు. ఆమె మరణముల లెక్క కూర్చినదని చెప్పువారు కొద్దిమంది. గాయములకంటె వ్యాధులచేతనే ఎక్కువమంది చనిపోయిరని ఆమె అంకెలతో, పటములతో 1858లో చూపెను. ఆసుపత్రులన్నియు ఒకే పద్ధతిలో లెక్కలు వ్రాయవలెనని కూడ పోరాడెను.

రెండును పరిచర్యయే యైనయెడల దేనిని ఎన్నుకొనవలెను? ఇక్కడ మెత్తని మాటలు చెప్పి తప్పించుకొనుట మాకిష్టము లేదు.

నర్సు చదువు పొడవైనది. ఏ.ఎన్.ఎం. 2 సంవత్సరములు, జి.ఎన్.ఎం. 3 సంవత్సరములు, బి.ఎస్సి. నర్సింగు 4 సంవత్సరములు. ప్యాసయిన తరువాత రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొనవలెను. కౌన్సిలు గుర్తింపులేని కాలేజీలో చేరినయెడల డబ్బును కాలమును రెండును పోవును. ఫీజు కట్టకమునుపే ఆ గుర్తింపు చూచుకొనుడి. ప్రైవేటు ఆసుపత్రులలో మొదటి జీతములు స్వల్పమే, రాత్రి డ్యూటీలు నిజమే. అయినను చేతికి వచ్చిన ఆ విద్య ఏ ఊరికి పోయినను చెల్లును.

రికార్డుల పని రెండు విధములు. ఆసుపత్రిలోనే యుండి రోగుల ఫైళ్లు, జనన మరణముల లెక్కలు, పోలీసు కేసుల కాగితములు కాపాడుట ఒకటి. దీనికి డిగ్రీ, డిప్లొమా చదువులున్నవి. 2021లో వచ్చిన కేంద్ర చట్టము ఈ పనివారిని కూడ ఆరోగ్య వృత్తులవారిలో చేర్చినది. రెండవది ఆ మేనమామ చెప్పిన కోడింగు. రోగి అమెరికాలో, అతని వైద్యపు కాగితము హైదరాబాదులో. చదివి, వ్యాధికిని చికిత్సకును తగిన గుర్తుసంఖ్య వేసినగాని ఇన్సూరెన్సు సొమ్ము రాదు. సంఖ్య తప్పినయెడల ఆ భారము ఎక్కడో ఒక రోగి మీద పడవచ్చును. నిదానము, ఇంగ్లీషు, శరీర శాస్త్రము తెలిసినవారికి మంచి పనియే. గాని కొద్ది నెలల కోచింగునకే ఉద్యోగము ఖాయమని చెప్పువారందరిని నమ్మవద్దు. ఆ పనిలో కొంత భాగము ఇప్పుడు కంప్యూటరే చేయుచున్నది.

మరియొక సంగతి తండ్రులు తప్పక ఆలోచించవలెను. నర్సు చదివినది తరువాత కోడింగునకు పోగలదు, ఆమె చదువు అక్కడ అక్కరకు వచ్చును. కోడింగు నేర్చినది నర్సు కావలెనంటే ఆ సంవత్సరములన్నియు మొదటినుండి చదువవలసినదే.

ఇక నోటి సంగతి. రికార్డులు చూచువారికి ఎవరికి క్షయ యున్నదో, ఎవరికి హెచ్.ఐ.వి. యున్నదో తెలియును. మన ఊళ్లలో ఒక మాట పొక్కినచో ఒక కుటుంబము కూలిపోవును. నోరు కట్టుకొనలేని పిల్లను, ఎంత తెలివిగలదైనను, ఆ గదిలో కూర్చుండబెట్టకుడి.

సంబంధములు రావను ఏడ్పునకు మేమేమి చెప్పుదుము? ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. ఆ పనిని హీనమనువారి యింటికి పిల్లనిచ్చుటకంటె కొంతకాలము కనిపెట్టుట మేలని మా అభిప్రాయము. 1883లో గుంటూరునకు వచ్చి పేదలకు వైద్యముచేసిన డాక్టరు అన్నా కుగ్లరును మన పెద్దలు ఎంత గౌరవముతో తలంచుకొనిరో యెరుగుదుము. అట్టి ఆసుపత్రులలో నర్సులైనవారు మన గుడిసెలలోనుండి వెళ్లిన ఆడపిల్లలే గదా.

మరునాడు ఆ తలిదండ్రులను పిల్లతోకూడ రమ్మంటిమి. అప్పటివరకు ఆ పిల్లను ఎవరును సరిగా అడిగినట్టు లేదు. నీ మనస్సులో ఏమున్నదమ్మా యంటిమి. తల వంచుకొని, "నానమ్మకు పుండు పడితే ఆరు నెలలు కడిగింది నేనే అయ్యగారూ. నాకు రోత అనిపించలేదు" అనినది. తల్లి ఆమె వైపు చూచి, మరి మాటలాడలేదు.

అరెకరము సంగతి ఇంకను తేలలేదు. ఆ కుటుంబము కొరకు ప్రార్థించుడి. ఇట్టి ఆలోచనలో ఉన్నవారు వచ్చు ఆదివారము ఆరాధన తరువాత మా యింటికి రండి. కాలేజీవారిచ్చిన కాగితములు, ఫీజు వివరములు తెండి. పిల్లలను తప్పక వెంటబెట్టుకొని రండి. మేనమామలు కూడ రావచ్చును.