విచారణ లేని తీర్పు

హైస్కూల్లో ఒక పిల్లవాడి మీద తరగతి మొత్తం ఒక అభిప్రాయానికి రావడానికి వారం చాలు. ఆ అభిప్రాయం మారడానికి మాత్రం ఒక్కోసారి ఐదేళ్లు కూడా సరిపోవు. ప్రొద్దుటూరులో వెనక బెంచీ మీద కునుకు తీసే కుర్రాడిని సోమరి అనేస్తారు. తెల్లవారకముందే లేచి, అమ్మ పక్కన కూర్చుని మగ్గానికి కండెలు చుట్టి వచ్చాడేమోనని ఎవరూ అడగరు. పులివెందుల పక్క పల్లె నుంచి వచ్చే అమ్మాయి గంట కొట్టగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతే పొగరంటారు. ఆ బస్సు తప్పితే చీకటి పడేదాకా ఇంకొకటి లేదన్న సంగతి ఎవరికీ పట్టదు. జమ్మలమడుగులో ఇంకొకడి గురించి “వానికి చదువు యాడొచ్చాదిలే” అని ఒక్క మాట పడుతుంది, ఆ మాటే వాడి పేరైపోతుంది. వీటిలో దుర్మార్గం కన్నా తొందరపాటే ఎక్కువ, నిజమే. కానీ తొందరపాటుతో ఇచ్చిన తీర్పు కూడా అన్యాయమే. ఎందుకంటే అలాంటి తీర్పు తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే పుట్టించుకుంటుంది.

ఇది ఊహ కాదు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి వెతికే పజిళ్లు ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు దళితుల పిల్లలూ అగ్రకులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ ఒక్కొక్కరి పేరూ కులమూ చదివి, తర్వాత అదే పని ఇస్తే దళితుల పిల్లల ఫలితం పడిపోయింది. 2006లో అచ్చయిన ఆ పరిశోధన చదివినప్పుడు మన బడులే గుర్తుకొస్తాయి. స్కాలర్‌షిప్ వివరాలు రాసుకునే రోజున “ఎస్సీలు లేవండి, బీసీలు లేవండి” అని పిలవడం మనకు మామూలు సంగతి. లేచి నిలబడిన ఆ అర నిమిషంలో తరగతి ఏం నేర్చుకుంటుందో లెక్కలోకి తీసుకోం. ఎవరిని ఏ కంటితో చూడాలో పిల్లలు చాలావరకు పెద్దల దగ్గరే నేర్చుకుంటారు.

ముద్ర పడితే ఎలా ఉంటుందో మన కడప జిల్లా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, వాటి వెంట వచ్చిన ఎన్నో సినిమాలు రాయలసీమ అంటే బాంబులు, వేటకొడవళ్లు అనే బొమ్మను రాష్ట్రమంతా గీశాయి. పై చదువులకు హైదరాబాద్ వెళ్లిన మన పిల్లలు ఊరి పేరు చెప్పగానే ఫ్యాక్షన్ గురించి ప్రశ్నలు ఎదుర్కొన్నారు. ఫ్యాక్షన్ జరగలేదని కాదు. పక్క ఊరి పగకు, ఎదుట కూర్చున్న పిల్లకు సంబంధం ఏమిటన్నదే మన బాధ. బయటివాళ్ల దగ్గర ఆ న్యాయం అడిగే మనం, మన తరగతి గదిలో ఆ న్యాయం చేయకపోతే అడిగే హక్కు ఎక్కడిది?

అరవై మందిని ఎదుట పెట్టుకున్న మాస్టారు ఒక్కొక్కరి కథా తెలుసుకోగలడా, చదువులో వెనకబడ్డవాళ్లను వేరుగా గుర్తించకుండా పాఠం ఎలా చెప్తాడు అని అడగవచ్చు. గుర్తించాల్సిందే. అయితే గుర్తించాల్సింది రాని పాఠాన్ని, పనికిరాని పిల్లవాడిని కాదు. ప్రొద్దుటూరులో ఎన్నో ఏళ్లు గడిపిన ‘శివతాండవం’ కవి పుట్టపర్తి నారాయణాచార్యులు, చిన్ననాట తాను రాసిన ‘పెనుగొండ లక్ష్మి’యే పాఠ్యంగా ఉన్న విద్వాన్ పరీక్ష తప్పారని సాహిత్యలోకం చెప్పుకుంటుంది. ఒకే ప్రశ్నకు పేజీలకు పేజీలు రాయడమే కారణమట. ఆ పేపరుకు ఆ మార్కులు సబబే కావచ్చు. ఆ మార్కులు చూసి ఈయనకు కవిత్వం తెలియదని తేల్చేస్తే మాత్రం అది తెలివితక్కువ తీర్పు. ఈ తేడాను ప్రభుత్వమే ఒకచోట ఒప్పుకుంది. 2008లో మొదలైన ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల చదువుకు పదో తరగతి మార్కులే ఆధారం. అయినా గ్రేడ్లు ఉన్న కాలంలో ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 పాయింటు కలిపేవారు. ఒకే మార్కు వెనక రెండు వేర్వేరు శ్రమలు ఉండవచ్చన్నదే దాని అర్థం.

అవమానాలే మనిషిని రాటుదేలుస్తాయని, మాటలు పడ్డవాళ్లే పెద్దవాళ్లయ్యారని ఇంకొందరంటారు. పైకొచ్చినవాళ్లే మనకు కనిపిస్తారు కాబట్టి అలా అనిపిస్తుంది. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి పనికి పోయినవాళ్లు సభల్లో మాట్లాడరు, వాళ్ల లెక్క ఈ వాదనలోకి రాదు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కానీ తోటి పిల్లల చూపును ఏ చట్టమూ సరిదిద్దలేదు. అది తరగతిలోనే జరగాలి. కులం వివరాలు విడిగా రాసుకోవాలి. నిద్రపోతున్నవాడిని తిట్టేముందు ఎందుకని అడగాలి. బెంచీలు నెలకోసారి మార్చాలి. వీటికి జీవోలు అక్కర్లేదు, ఖర్చూ లేదు. దొంగకైనా సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇస్తుంది కోర్టు. పదమూడేళ్ల పిల్లకు ఆ మాత్రం అవకాశం ఇవ్వని బడి, ఎంత శాతం ఉత్తీర్ణత తెచ్చినా, తన మొదటి పనిలో తప్పినట్లే.