కనబడని జడ

ధ్యాన భాగములు: 1 పేతురు 3:3-4, లూకా 12:7, యెషయా 42:3



2023 క్రిస్మసు పండుగకు మన సంఘపు బిడ్డ యొకతె అమెరికానుండి వచ్చినది. అక్కడ ఆసుపత్రిలో నర్సుగా పని చేయుచున్నది. పోయిన తడవ వచ్చినప్పుడు పలుచని జుట్టుతో, తలమీద ముసుగు తీయక కూర్చున్న పిల్ల, ఈసారి నడుము వరకు ఒత్తయిన జుట్టుతో వచ్చినది. గుడిలో స్త్రీలవైపు గుసగుసలు పుట్టినవి. “అది సవరము కాదట, తలకే కుట్టించుకొన్నదట” అని యొకరు; “ఎన్ని డాలర్లు పోసినదో” అని మరియొకరు. ఆ మాటలు మా చెవిని కూడ పడినవి.

అప్పుడు మేమేమి చేసితిమి? మరుసటి ఆదివారము పేతురు పత్రికలోని జడల సంగతి చదివి, పేరు చెప్పకపోయినను ఎవరిని గూర్చి పలుకుచున్నామో అందరికిని తెలియునట్లు ప్రసంగించితిమి. ఆ తరువాతి ఆదివారము ఆమె ఆరాధనకు రాలేదు.

సాయంకాలము మేమును మా గృహిణియు వారి యింటికి వెళ్లితిమి. ఆమె కుర్చీలు వేసి, టీ తెచ్చి, నెమ్మదిగా అన్నది: “అయ్యగారూ, మీరు చెప్పినది వాక్యమే. నాకు కోపము లేదు. కాని మీరు నా తల చూచి చెప్పినారు గాని, నా తల సంగతి అడిగి చెప్పలేదు.”

మేము తల వంచుకొని, “అమ్మా, ఇప్పుడు చెప్పుము” అంటిమి.

కాన్పు తరువాత జ్వరము తగిలి ఆమె జుట్టు గుప్పిళ్లుగా రాలినదట. నడినెత్తిన చర్మము కనబడుచుండెను. డాక్టరు మందులిచ్చి, ఓపిక పట్టుమనెను. పనిచేయు చోట ఆమె టోపీ తీయకుండుట చూచి, తోడి నర్సు, నల్లజాతి సహోదరి, ఒక శనివారము తన యింటికి పిలిచికొని పోయి, తన చేతులతో ఆమె తల కడిగి ఈ జుట్టు కుట్టినదట.

ఈ పని అక్కడి నల్లజాతి స్త్రీలలో ఎక్కువగా వాడుకలో నున్నది. ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లండ్ పట్టణములో క్రిస్టినా జెన్కిన్స్ అను నల్లజాతి స్త్రీ 1950ల తొలి సంవత్సరములలో దీనికొక పద్ధతి ఏర్పరచి పేటెంటు పొందెను. మొదట తల కడిగి ఆరబెట్టుదురు. సొంత జుట్టును తలకు అంటియుండు సన్నని జడలుగా వరుసలు అల్లుదురు. చేనిలో సాళ్లవలె నుండును. ఇంగ్లీషులో వాటికి మొక్కజొన్న సాళ్లను బట్టియే పేరు. పిమ్మట కొంగు కుచ్చులవలె ఒక అంచుకు కుట్టియుంచిన జుట్టును వంకర సూదితోను దారముతోను ఆ జడలకు కుట్టుదురు. చర్మమునకు సూది తగులదు. పైకి కనబడునది తెచ్చిన జుట్టు. దానిని మోయునది క్రిందనున్న కనబడని జడ.

కుట్టించుకొన్నంత మాత్రమున పని తీరదు. వారమునకో రెండు వారములకో నీళ్లు కలిపిన షాంపూతో తలచర్మము కడుగవలెను. లోపలి జడలు బొత్తిగా ఆరవలెను. తడి నిలిచిన యెడల దుర్వాసన పుట్టును. చిక్కు తీయునప్పుడు కొసలనుండి మొదలుపెట్టి పైకి రావలెను. రాత్రివేళ నునుపైన గుడ్డ కట్టుకొని పరుండవలెను. ఆరు లేక ఎనిమిది వారములైన తరువాత దారము మాత్రమే కత్తిరించి అంతయు తీసి, తలకు విశ్రాంతి నియ్యవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, జడను మితిమీరి బిగింపరాదు. బిగించినచో తల నొచ్చును, నుదుటి అంచున పొక్కులు లేచును. అట్లే విడిచిన యెడల వెండ్రుకలు ఊడును. ఇట్లు లాగుటవలన కలుగు బట్టతలకు వైద్యులు ట్రాక్షన్ అలొపీషియా అని పేరు పెట్టినారు. చాలకాలము సాగిన యెడల కుదుళ్లు చచ్చును. ఆ చోట మరల జుట్టు మొలవదు.

“ఆమె ఒక్కొక్క జడ అల్లునప్పుడు ‘నొప్పిగా ఉన్నదా’ అని అడిగినది, అయ్యగారూ. ఉన్నదంటే విప్పి మరల అల్లినది. అందుకే సాయంత్రమయినది.”

ప్రియులారా, ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. మేము కూడ ఆ బిడ్డ తలమీద దారము బిగించితిమి. అది వాక్యమను దారము, మంచి దారమే. కాని నొప్పిగా ఉన్నదా అని మేము అడుగలేదు. నలిగిన రెల్లును విరువని ప్రభువుకు సేవకులమని చెప్పుకొనుచు, పలుచబడిన తలను ఇంకను లాగితిమి.

పేతురు జడలను నిషేధించుచున్నాడా? ఆ వచనములోనే వస్త్రములు ధరించుటను గూర్చియు పలికెను. దానిని బట్టి బట్టలు మానినవారెవరు? వెలుపటి శృంగారమే నీ విలువ యని తలంపవద్దనియు, లోపలి మనుష్యుని సాధుత్వమే దేవుని యెదుట వెలగలదనియు ఆయన భావము. అది ఎవరి హృదయము వారు చూచుకొనుటకైన అద్దము, పొరుగువారి తల కొలుచుటకైన కర్ర కాదు. మీసమునకు రంగు వేసికొని ముందు వరుసలో కూర్చుండు పురుషులమైన మమ్మును గూర్చి ఎవరును ప్రసంగింపలేదు గదా!

మరియొక సంగతి. లోకములో ఇట్లు కుట్టబడు జుట్టులో చాల భాగము మన దేశపుదే. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానమువారు వేలము వేయుదురు. మన యిండ్లలో దువ్వెనకు వచ్చినది ఉండచుట్టి చూరులో దోపినయెడల, వెండ్రుకలు కొనువాడు గిన్నె యిచ్చి తీసికొని పోవును. ఆ చిక్కు విడదీసి, ఏరి, దేశములు దాటింతురు. గుసగుసలాడిన తల్లులారా, మీరు గిన్నెకు మార్చినదే ఆమె తలపై నుండెనేమో! తండ్రి మన వెండ్రుకలను లెక్కించి యున్నాడని ప్రభువు సెలవిచ్చెను. మనము చులకన చేసి పారవేసినదియు ఆయన లెక్కలో నున్నది.

అందరును జుట్టు కుట్టించుకొనుడని మేము చెప్పుట లేదు. అప్పు చేసి అందము కొనవద్దు. జుట్టు రాలుచున్న యెడల సిగ్గుపడక ముందు వైద్యునికి చూపించుకొనుడి. కాని యెవరైనను మారిన తలతో గుడికి వచ్చినప్పుడు, మాట విసరక మునుపు ప్రక్కన కూర్చుండి క్షేమము అడుగుడి. లోపలి జడ ఏ స్థితిలో నున్నదో పైనుండి చూచిన తెలియదు.

ఆమె తిరిగి వెళ్లక మునుపు వచ్చిన ఆదివారము, ప్రసంగ పీఠమునుండి తప్పు చేసిన మేము ఆ పీఠమునుండియే క్షమాపణ వేడుకొంటిమి. ఆమె వెనుక వరుసలో నుండెను. ఆరాధన ముగిసిన పిమ్మట గుసగుసలాడిన పెద్దమ్మ యొకతె ఆమెయొద్దకు వెళ్లి, తలపై చెయ్యి పెట్టబోయి ఆగి, “నొచ్చునా అమ్మా?” అని అడిగెను.

ఆ ప్రశ్న మన సంఘములో నిలుచును గాక.

ప్రార్థన: తండ్రీ, మా చేతులు బిగించిన ముళ్లను సడలించుము. నొచ్చినవారిని అడిగి ఆదుకొను మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.