రైలుకట్ట పక్క పల్లె: ఊరు నిజంగా ఉందా?

1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు నడిచింది. కుప్పం, గుడుపల్లె, మల్లనూరు స్టేషన్లు ఆ దారిలోవే. 1890ల ఆరంభంలో వచ్చిన పాకాల–ధర్మవరం మీటరుగేజి లైను మదనపల్లె పట్నాన్ని తాకలేదు. దూరంగా చిన్నతిప్పసముద్రం దగ్గర ‘మదనపల్లె రోడ్డు’ స్టేషను వెలసింది. చుట్టుపక్కల వాళ్లకు అది సీటీఎం. పుంగనూరుకు రైలే రాలేదు.

ఇలాంటి స్టేషన్ల దాపున చెనక్కాయ, టమాటా, మల్బరీ సాగుచేసే రైతుల ఇళ్లు చేరితే పల్లె ఏర్పడుతుంది. దానికి సొంత పంచాయతీ లేకపోతే రికార్డుల్లో మరో గ్రామానికి మజరాగా, అంటే శివారు పల్లెగా మిగులుతుంది. మరి అది ఊరేనా?

ఈ ప్రశ్నను పాత దర్శనాలూ మరో రూపంలో అడిగాయి. అవయవాలకు (భాగాలకు) వేరుగా అవయవి (మొత్తం) ఉందని న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల వాదం. అయినా సైన్యాన్నీ వనాన్నీ వాళ్లు సమూహాలుగానే లెక్కిస్తారు. ఊరూ ఆ కోవలోకే వస్తుంది. రథమనేది భాగాలను ఆశ్రయించుకున్న వ్యవహార నామం మాత్రమేనని మిళిందుడనే రాజుకు బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పాడు. బద్ధవిరోధులైన ఈ రెండు దర్శనాలూ ఊరి దగ్గర దాదాపు ఒకచోటికే చేరతాయి: ఇళ్లూ పొలాలూ మనుషులూ కాక ఊరనే వేరే వస్తువు లేదు.

వస్తువు కానంత మాత్రాన ఊరు అబద్ధమైపోదు. నలుగురూ కలిసి చేసే పనిలో అది ఉంటుంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకు, కుప్పంలో ప్రసన్న తిరుపతి గంగమ్మకు జాతరలు జరుగుతాయి. మజరా జనం కూడా చందాలు వేసుకుని, అంబలి పోసి, పొంగళ్లు పెట్టుకుంటే ఆ పనితోనే ఒక ఊరివాళ్లవుతారు. రెవెన్యూ పటం చూపని పొలిమేర ఆ చందాల పట్టీలో కనిపిస్తుంది. చెరువు తూము దగ్గర నీళ్ల వంతులూ అంతే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అదే పొలిమేర చాలాచోట్ల దళితవాడను బయటే నిలిపింది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, కులం, మతం, దేశం అనే గుర్తింపులే మనుషుల్ని విడదీస్తాయని జీవితమంతా చెప్పారు. ఆ విమర్శ ఊరికీ తగులుతుంది. కలిసి చేసే పనే ఊరైతే, ఆ పనికి ఎవరిని దూరం పెట్టినా ఆ మేరకు ఊరు లేనట్టే. గుడి, తూము అందరివీ అయినప్పుడే ఆ ఊరు పూర్తిగా ఉన్నట్టు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం పంచాయతీ పరిధిలోని ఓటర్లందరూ గ్రామసభ సభ్యులే. మజరా ఓటరుకూ వాడ ఓటరుకూ అక్కడ సమాన స్థానముంది.